టెంట్లో తుపాకీ, జేబులో ఎఫ్-1

ప్రశ్న: అక్కా, మాది భువనగిరి. సాల్ట్ లేక్ సిటీలో ఎంఎస్ మొదటి ఏడాది చదువుతున్నాను. ఇక్కడ జిమ్‌లో క్లైంబింగ్ అలవాటైంది. నవంబర్‌లో మూడు రాత్రులు ఇండియన్ క్రీక్ వెళ్దామంటున్నారు ఫ్రెండ్స్, యూటాలోనే ఎడారిలో రాళ్ళెక్కే చోటది. రిజర్వేషన్లు ఉండవట, ముందొచ్చినవాళ్ళదే చోటట. కారు తెచ్చే అబ్బాయి అమెరికన్. "సేఫ్టీకి" తన పిస్టల్ కూడా తెస్తానంటున్నాడు. రాత్రిళ్ళు వంతులేసుకుని దగ్గర పెట్టుకుందాం, దారిలో ఆగి నీకు కాల్చడం నేర్పిస్తా అన్నాడు. మా అమ్మకి తెలిస్తే చంపేస్తుంది. వెళ్ళనా, మాననా?

జవాబు: వెళ్ళు తమ్ముడూ. భువనగిరి వాడివి, రాయంటే భయపడతావా? మలావత్ పూర్ణ 2014లో ఎవరెస్ట్ ఎక్కింది, ఆ అమ్మాయి మొదట వేళ్ళు పెట్టింది మీ ఊరి గుండుకే. ఇండియన్ క్రీక్ చూడకుండా యూటా నుంచి వెళ్ళిపోతే నీకే నష్టం. కానీ ఆ పిస్టల్‌ని ముట్టుకోకు. వంతుల్లేవు, నేర్చుకోవడం లేదు, "ఒక్క నిమిషం పట్టుకో" అంటే పట్టుకోవడం కూడా లేదు.

ముందు చట్టం సంగతి. మనవాళ్ళకి చాలామందికి ఇది తెలియదు, తెలిసినవాళ్ళు చెప్పరు. ఎఫ్-1, హెచ్-1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళ దగ్గర తుపాకీ ఉండకూడదు, బుల్లెట్ ఉండకూడదు. ఒక్క బుల్లెట్ అయినా సరే. ఇది ఫెడరల్ చట్టం. యూటాలో 2021 నుంచి పర్మిట్ లేకుండానే తుపాకీ పెట్టుకు తిరగొచ్చు కదా అని నీ ఫ్రెండ్ అంటాడు. అతనికి తిరగొచ్చు, నీకు కాదు. 2022లో చట్టం మార్చాక దీనికి గరిష్ఠ శిక్ష పదిహేనేళ్ళు. అందులో ఒక్క రోజు కూడా పడకపోయినా, తుపాకీ కేసులో దోషివని తేలితే ఈ దేశం నుంచి పంపించేయడానికి అదే చాలు.

"సొంతంగా కొంటే కదా తప్పు" అంటారు. కాదు. నీ చేతిలో, నీ అదుపులో ఉంటే చాలు. ఎమిరేట్స్ నుంచి స్టూడెంట్ వీసా మీద ఫ్లోరిడా వచ్చిన కుర్రాడొకడు మార్కులు రాక కాలేజీ నుంచి బయటపడ్డాడు. స్టేటస్ పోయింది, ఇంటికి వెళ్ళలేదు. ఒకరోజు షూటింగ్ రేంజికి వెళ్ళి సరదాగా కాల్చాడు. ఆ సరదా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2019లో వచ్చిన రెహైఫ్ తీర్పు అదే. తన స్టేటస్ ఏమిటో అతనికి తెలుసని ప్రభుత్వం రుజువు చేయాలంది కోర్టు. ఆ వాదన నీకు పనికిరాదు. నీ స్టూడెంట్ స్టేటస్ కాగితం, ఆ ఐ-20, ఎక్కడుందో నిద్రలో అడిగినా చెప్తావు.

ఒక మినహాయింపు ఉంది. ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉంటే ఫెడరల్ నిషేధం వర్తించదు. మన పిల్లలు దీన్ని పట్టుకునే దుకాణాలకి వెళ్తున్నారు. చట్టప్రకారం తప్పు లేదు. కానీ వేటకని ఇచ్చిన లైసెన్స్‌తో టెంట్లో కాపలాకి తుపాకీ పెట్టుకోవడం గురించి నా అభిప్రాయం అడుగుతున్నావు కాబట్టి చెప్తున్నాను, వద్దు. 2024 నవంబర్‌లో అట్లాంటాలో ఉప్పల్ కుర్రాడు, ఇరవై మూడేళ్ళవాడు, తన పుట్టినరోజు నాడే తన తుపాకీ తుడుచుకుంటుంటే పేలి చనిపోయాడు. ఫ్రెండ్స్ ఇంట్లోనే ఉన్నారు. స్టూడెంట్లకి కూడా తుపాకీ దొరుకుతుందని ఆ తర్వాతే మన ఊళ్ళలో చాలామంది తల్లిదండ్రులకి తెలిసింది. మనకి తుపాకీ అంటే ఏమిటి? బ్యాంకు దగ్గర స్టూలు మీద కూచున్న సెక్యూరిటీ ఆయన, లేదా ఎన్నికలొస్తే లైసెన్సున్న పెద్దమనిషి స్టేషన్‌కి పోయి అప్పజెప్పి వచ్చేది. చిన్నప్పటినుంచి దాని పక్కన పెరగలేదు. మ్యాగజైన్, అంటే బుల్లెట్లు పెట్టే డబ్బా, తీసేసినా తుపాకీ ఛాంబర్‌లో ఇంకో బుల్లెట్ ఉండిపోతుందన్నది మన చేతులకి తెలియదు.

ఇక నీ ఫ్రెండ్ కారు. అతని తుపాకీ అతని కార్లో ఉంటే, నువ్వు పక్క సీట్లో కూచున్నంత మాత్రాన అది నీదైపోదు. తంటా ఎక్కడొస్తుందంటే, రెండో రోజు అతనికి వేళ్ళ చర్మం ఊడిపోయి "నువ్వు కారు తీసుకెళ్ళి నీళ్ళు పట్టుకురా" అంటాడు. అక్కడ నీళ్ళుండవు, ఎవరో ఒకరు వెళ్ళాల్సిందే. డాష్‌బోర్డు అరలో పిస్టల్, స్టీరింగ్ నీ చేతిలో, కారులో ఇంకెవరూ లేరు. అప్పుడు అది ఎవరి అదుపులో ఉన్నట్టు? అందుకే బయల్దేరక ముందే చెప్పు. తాళమున్న పెట్టెలో పెట్టుకుని, ఆ తాళంచెవి అతని దగ్గరే ఉంచుకోమను. కారు నీకిచ్చేటప్పుడు పెట్టె తీసేసుకోమను. "నా వీసాతో కుదరదు" అను, అంతే. తుపాకులున్న అమెరికన్లకి ఈ మాట ఇట్టే అర్థమవుతుంది, మనవాళ్ళకంటే బాగా. కాల్చడం నేర్పిస్తానన్నా అదే మాట.

నేను ఇక్కడికొచ్చి ఇరవై రెండేళ్ళయింది, గ్రీన్ కార్డు వచ్చి చాలా కాలమైంది. అంటే నేను కొనుక్కోవచ్చు. కొనలేదు. ఎందుకో ఒక రాత్రి సంగతి చెప్తే అర్థమవుతుంది.

ఇండియన్ క్రీక్ వెళ్ళే దారిలో ఉన్న మోయాబ్ ఊరి అవతల, బిఎల్ఎం (ఫెడరల్ ప్రభుత్వ భూములు చూసే శాఖ) వాళ్ళ భూమిలో, ఊరికే ఖాళీగా ఉన్న చోటు. ఐదారు టెంట్లు. పక్క టెంట్లో ఉన్న పెద్దాయనకి సాయంత్రం అల్లం దంచి చాయ్ పెట్టిచ్చాను, రెండు కప్పులు తాగాడు. రాత్రి రెండింటికి నేను లేచి దూరంగా వెళ్ళి వస్తున్నాను. అందరి నిద్రా చెడగొట్టడమెందుకని హెడ్‌ల్యాంప్ ఆపేశాను. అదే నా తెలివి. కాలు ఆయన టెంటు తాడుకి తగిలి ముందుకి తూలాను. టెంటు మొత్తం ఊగింది. లోపల స్లీపింగ్ బ్యాగ్ జిప్ బర్రుమంది, ఆ వెంటనే ఇనుప చప్పుడు, చిన్నది, తలుపు గొళ్ళెం పడ్డట్టు. "ఎవరది" అని ఇంగ్లీషులో అరిచాడు. ఇరవై ఏళ్ళుగా ఆఫీసులో ఇంగ్లీషులో పోట్లాడే దాన్ని, ఒక్క ముక్క రాలేదు. "నేనే! నేనే!" అని తెలుగులో అరిచాను. ఏ భాషో తెలియకపోయినా ఆడగొంతు అని పోల్చుకున్నాడు కాబట్టి సరిపోయింది. బయటికొచ్చి ట్రక్కు వెనక తలుపు మీద కూచుని మ్యాగజైన్ తీశాడు. ఆయన చేతులు నా చేతులకంటే ఎక్కువ వణికాయి. మిగతా రెండు రాత్రులూ అది ట్రక్కులో పెట్టెలోనే ఉంది.

టెంటు గుడ్డకి బుల్లెట్‌ని ఆపే శక్తి లేదు. తగలాల్సినవాణ్ని తప్పితే అటువైపు నిద్రపోతున్న వాళ్ళున్నారు. పైగా క్లైంబర్ పగలంతా గోడ మీదే ఉంటాడు, హార్నెస్‌కి పిస్టల్ వేలాడదీసుకోలేడు, కార్లో వదిలేస్తాడు. బాట మొదట్లో ఆపిన కార్ల అద్దాలు పగలగొట్టేది దొంగలు, వాళ్ళకి ఇంతకంటే మంచి సరుకు ఏముంటుంది? సాయంత్రం బీర్లు సరేసరి. లాస్ వేగాస్ దగ్గర రెడ్ రాక్‌లో ఎక్కి మర్నాడు బిషప్ వెళ్దామనుకుంటే నాలుగు గంటల పైచిలుకు దారి, మధ్యలో కాలిఫోర్నియా సరిహద్దు గీత. గీత దాటగానే చట్టం మారిపోతుంది, పిస్టల్ ఖాళీ చేసి తాళం వేసిన పెట్టెలో ఉండాలి, డాష్‌బోర్డు అర చాలదు. నేషనల్ పార్కుల్లో 2010 నుంచి ఆ రాష్ట్రం ఒప్పుకుంటే తీసుకెళ్ళొచ్చు కానీ విజిటర్ సెంటర్ గుమ్మం దాటకూడదు. ఇన్ని లెక్కలు పెట్టుకుని రాయెక్కడం ఎప్పుడు?

ఎలుగుబంట్ల కోసమంటావేమో. నువ్వు వెళ్ళే చోట వాటి బెడద కంటే రొట్టె ప్యాకెట్ కొరికే ఎలుకల బెడద ఎక్కువ. గ్రిజ్లీలుండే టీటన్స్‌కి, ఎల్లోస్టోన్‌కి వెళ్తే బేర్ స్ప్రే కొనుక్కో, పార్కు వాళ్ళే తెచ్చుకోమంటారు. యోసెమిటీలో మాత్రం ఆ స్ప్రే కూడా నిషిద్ధం, అక్కడ తిండంతా ఇనప పెట్టెలో పెట్టి మూయడమే. మన పచ్చడి సీసాతో సహా.

మరి మనుషుల భయం? ఉంటుంది. 2017లో కాన్సస్‌లోని ఒలేతాలో మన కూచిభొట్ల శ్రీనివాస్‌ని కాల్చి చంపిన సంగతి మీ అమ్మకి గుర్తుంది, అందుకే చంపేస్తానంటుంది. 2021 ఆగస్టులో మోయాబ్ పక్కన లాసాల్ కొండల్లో టెంటు వేసుకున్న ఇద్దరు మహిళల్ని కాల్చి చంపారు. దగ్గర్లో ఉన్న ఒక మగమనిషి తీరు భయంగా ఉందని, చోటు మారతామేమోనని వాళ్ళు అంతకు ముందే ఫ్రెండ్స్‌తో అన్నారు. ఆ సంగతి చదివిన రోజునుంచి నాకొక్కటే పద్ధతి. మనసు బాగాలేదా, వెంటనే లేచిపోవడం. కారణం వెతకను, ఎవరికీ చెప్పను. అన్నం సగం ఉడికిందా, గిన్నెతో సహా కార్లో పెట్టడమే. ఒకసారి టెంటు మడవకుండా కర్రలతోనే డిక్కీలో కుక్కి యాభై మైళ్ళ దూరం పోయి మోటల్లో పడుకున్నాం. అసలు అక్కడేమీ లేదేమో కూడా. మా ఆయన ఇప్పటికీ ఆ మోటల్ బిల్లు గురించి సణుగుతాడు, సణగనీ.

వెలుతురుండగానే చేరు. నవంబర్లో ఐదు దాటితే చీకటి, కాబట్టి సాల్ట్ లేక్ నుంచి పొద్దున్నే కదలండి, ఐదు గంటల దారి. దిగగానే నేల చూడు. ఎర్ర ప్లాస్టిక్ తూటా తొడుగులు, ఇత్తడి గొట్టాలు, గురి కోసం గాల్లోకి విసిరే నారింజ రంగు పెంకులు, జల్లెడలా చిల్లులు పడ్డ పాత టీవీ కనిపిస్తే అది వారాంతాల్లో కాల్చుకోవడానికి వచ్చేవాళ్ళ చోటు. అలా కాల్చడం బిఎల్ఎం భూముల్లో చాలాచోట్ల చట్టబద్ధమే, వాళ్ళతో వాదించడానికేమీ లేదు. వేరే చోటు చూసుకో. క్రీక్ పాశ్చర్, సూపర్ బౌల్ లాంటి క్యాంప్‌గ్రౌండ్లలో తాళ్ళు ఆరేసుకున్న జనం మధ్య ఒక మూల దొరికితే అంతకంటే భద్రత లేదు. హైవేకి దగ్గరగా కనిపించే మొదటి ఖాళీ స్థలం వద్దు, తాగి వచ్చేవాళ్ళు ఆగేది కూడా అక్కడే.

కారు ముందుభాగం దారివైపు తిప్పి ఆపండి. తాళంచెవి టెంట్లో ఒకే చోట, అందరికీ తెలిసేలా పెట్టండి. ఆ చెవి మీద ఎర్ర బటన్ నొక్కితే హారన్ కొండలంతా మోగుతుంది, పిస్టల్ కంటే నాకు దానిమీదే నమ్మకం. సాయంత్రం పక్కవాళ్ళ దగ్గరికెళ్ళి "రేపెక్కడ ఎక్కుతున్నారు" అని ఒక మాట అడిగి రా. మొహం తెలిసిన మనిషి అరుపు విని లేచొస్తాడు. ఒంటరిగా ఎవడైనా వచ్చి ఎందరున్నారు, ఎన్నాళ్ళుంటారు అని కూపీ లాగితే, ఇంకో రెండు కార్లు వెనక వస్తున్నాయని చెప్పు. అబద్ధమే, ఫర్వాలేదు.

నడుముకి తుపాకీ బయటికి కనిపించేలా పెట్టుకున్నవాళ్ళు యూటాలో ఎదురవుతారు. అది అక్కడ మామూలు. గుడ్లప్పగించి చూడకు, ఫొటో తీయకు, "చూపిస్తారా" అని అసలే అడగకు. రేంజరో షెరిఫ్ మనిషో వచ్చి మాట్లాడితే చేతులు కనిపించేలా ఉంచు, ఐడీ కోసం కూడా చెప్పి తీయి. తుపాకుందా అని అడిగితే ఫ్రెండునే చెప్పనీ.

ఇంకోటి, నొచ్చుకోకు. మనవాళ్ళు పదిమంది కలిసి వెళ్తే రాత్రి పదకొండుకి బ్లూటూత్ స్పీకర్లో మాస్ పాటలు పెడతారు. పొద్దున నాలుగింటికి లేచి ఎక్కాల్సినవాడు పక్క టెంట్లో ఉంటాడు. నేను చూసిన క్యాంప్ గొడవల్లో సగానికి పైగా శబ్దం వల్ల, మిగతావి కుక్కల వల్ల. ఎవరి దగ్గర ఏముందో తెలియని చోట ఆ గొడవ మనకెందుకు? తప్పు ఎదుటివాడిదైనా సరే, సారీ చెప్పి చోటు మారు.

నిజానికి ఈ ట్రిప్పులో నీకు ఎక్కువ ప్రమాదం చివరి రోజు సాయంత్రం ఉంది. ఒళ్ళు హూనమై, రాత్రిపూట 191 హైవే మీద జింకలు అడ్డొస్తుంటే నిద్రమొహంతో నడిపే డ్రైవర్ పక్కన కూచుంటావు. ఆ రాత్రి మోయాబ్‌లో పడుకుని తెల్లారి బయల్దేరండి. రాత్రి చలికి ఓర్వలేక టెంట్లోకి స్టవ్ తేవద్దు, అది మండితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వాసన రాకుండా చంపుతుంది.

ఇండియన్ క్రీక్‌లో ఫోన్ సిగ్నల్ ఉండదు. ఐఫోన్ 14, ఆ తర్వాతవైతే శాటిలైట్ ఎస్ఓఎస్ ఉంటుంది. ఇంట్లో ఉండగానే దాని డెమో చేసి చూసుకో, చీకట్లో నేర్చుకునేది కాదు. లేదంటే ఎవరిదగ్గరైనా ఇన్‌రీచ్ (శాటిలైట్ ద్వారా మెసేజ్ పంపే చిన్న పరికరం) ఉందేమో అడుగు, రెండు మూడు రోజులకి అద్దెకి కూడా ఇస్తారు. సాయం పిలిచినా షెరిఫ్ మనుషులు రావడానికి గంట పట్టొచ్చు, ఎక్కువే పట్టొచ్చు.

మీ అమ్మకి నిజం చెప్పు, ఎక్కడికెళ్తున్నావో, ఎవరితోనో. మూడు రోజులు ఫోన్ కలవదని ముందే చెప్పకపోతే రెండో రోజుకే మీ మేనమామ డల్లాస్‌లో ఉన్నవాళ్ళందరికీ ఫోన్లు చేస్తాడు. కారు నంబరు, ఫ్రెండ్ పేరు రాసి నీ రూమ్మేట్ దగ్గర పెట్టు. ఇండియన్ క్రీక్ నుంచి వచ్చే 211 రోడ్డు వదిలి 191 ఎక్కి మోయాబ్ వైపు వస్తుంటే సిగ్నల్ తగులుతుంది, అప్పుడు చేస్తానని చెప్పు. ఎన్నింటికి చేరతావనుకుంటున్నావో దానికి మూడు గంటలు కలిపి చెప్పు.