డాలస్ 14,400 కిలోమీటర్లేగా, మరి ఇరవై రెండు గంటలెందుకు?

ప్రశ్న: వచ్చే మేలో మా అమ్మని డాలస్‌లో తమ్ముడి దగ్గరికి పంపిస్తున్నాం, మొదటిసారి ఫ్లైట్ ఎక్కుతోంది. నెట్‌లో హైదరాబాద్ నుంచి డాలస్ 14,400 కి.మీ. అని ఉంది, గంటకి 900 చొప్పున పదహారు గంటలు చాలు కదా? టికెట్లేమో ఇరవై రెండు, ఇరవై ఆరు అంటున్నాయి. రిటర్న్‌లో అయితే సోమవారం ఎక్కి బుధవారం దిగుతుందట! ఇదేం లెక్క?
– ఓ పాఠకురాలు, వరంగల్

జవాబు: మీ లెక్క తప్పేం కాదండి, కాకపోతే ఆ దారిలో వెళ్లే ఫ్లైటే లేదు. ఆ 14,400 అనేది గ్లోబ్ మీద రెండు ఊళ్ల మధ్య దారం లాగి పట్టుకుంటే వచ్చే దూరం, ఆ దారం దాదాపు ఉత్తర ధ్రువం పక్క నుంచే పోతుంది. హైదరాబాద్ నుంచి డాలస్‌కి డైరెక్ట్ లేదు కాబట్టి దుబాయ్‌లోనో దోహాలోనో మారాలి. దుబాయ్ అయితే ఇక్కడి నుంచి అక్కడికి సుమారు 2,550, అక్కడి నుంచి డాలస్ 12,900 పైచిలుకు, మొత్తం 15,500 దాకా, మధ్యలో ఎయిర్‌పోర్ట్‌లో కూర్చునే టైమ్ వేరే.

ఇంకోటి గాలి. పైన పది కిలోమీటర్ల ఎత్తులో జెట్ స్ట్రీమ్ అని పడమర నుంచి తూర్పుకి బలంగా వీస్తుంటుంది, అమెరికా పోయేటప్పుడు అది చాలావరకు ఎదురుగాలే. అందుకే దుబాయ్–డాలస్ దాదాపు పదహారు గంటలు పడితే తిరుగు ఫ్లైట్‌కి గంటకి పైగా తక్కువ పడుతుంది. దీని పవర్ తెలియాలంటే ఎయిరిండియా 2016లో చేసింది చూడండి, ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో ఫ్లైట్‌ని అట్లాంటిక్ వైపు మానేసి పసిఫిక్ మీదుగా తిప్పారు, దూరం సుమారు 1,400 కి.మీ. పెరిగి 15,300 అయింది, అయినా వెనక నుంచి గాలి తోసేసరికి పద్నాలుగున్నర గంటల్లో, అంటే పాత దారికంటే దాదాపు రెండు గంటల ముందే దిగింది. కిలోమీటర్లు చూసి టైమ్ చెప్పేయడం కుదరదనేది అందుకే.

ఇక బుధవారం సంగతి. టికెట్ మీద ఉండేవి ఏ ఊరి గడియారం ఆ ఊరిదే. మేలో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక (చలికాలంలో పదకొండున్నర). శంషాబాద్‌లో తెల్లవారి 4కి ఎక్కి అదే రోజు సాయంత్రం 4కి డాలస్‌లో దిగితే చూడ్డానికి పన్నెండు గంటలే, పదిన్నర కలిపితే ఇరవై రెండున్నర. వచ్చేటప్పుడు రివర్స్: సోమవారం రాత్రి 7కి ఎక్కి బుధవారం తెల్లవారి 5:30కి దిగితే ముప్పై నాలుగున్నర, అందులో పదిన్నర తీసేయండి, ఇరవై నాలుగు గంటలే.

అమ్మగారి కోసమైతే గంటలు తక్కువున్న టికెట్ కంటే ఒక్కసారే మారే టికెట్ చూడండి, అదీ ఒకే బుకింగ్‌లో. న్యూయార్క్‌లో దిగి మళ్లీ డొమెస్టిక్ ఎక్కే టికెట్లు చౌకగా కనిపిస్తాయి గానీ ఇమిగ్రేషన్ అక్కడే, బ్యాగులు తీసుకుని మళ్లీ ఇచ్చేదీ అక్కడే, మొదటిసారి ఒంటరిగా వెళ్లేవాళ్లకి అది నరకం. దుబాయ్‌లో గంటన్నర గ్యాప్ మరీ టైట్, మూడు నాలుగు గంటలు హాయి. వీల్‌చెయిర్ బుక్ చేసేటప్పుడే అడగండి, డబ్బులేం తీసుకోరు. బీపీ, షుగర్ మాత్రలు చేతి బ్యాగులోనే పెట్టండి, పెద్ద బ్యాగులో వద్దు.