ఒకటో తారీఖు లేని కొలువు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం మొన్న అందింది. ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డులో ఉద్యోగం మానేసి అనువాదాలు, డబ్బింగ్ రాతలు చేసుకుంటూ బతకవచ్చా అని అడిగావు. బతకవచ్చు. వడపళనిలో ఇరవై ఏడేళ్లుగా నేను చేస్తున్నది అదే. కాకపోతే ‘మీకేం మాస్టారూ, ఇష్టమైనప్పుడు రాసుకుంటారు’ అన్న చోట నవ్వొచ్చింది.

రేపు పొద్దున రికార్డింగు పెట్టుకుని ఇవాళ సాయంత్రం దృశ్యాలు పంపుతారు. తమిళంలో హీరో ‘పోప్పా’ అంటే, అతని పెదాలు కలిసిన చోట మన మాటలోనూ ప, బ, మల్లో ఒకటి పడాలి. ‘వెళ్లు’ అని రాసిచ్చావో, మైకు ముందు నిలబడ్డవాడు తెల్లమొహం వేస్తాడు. అలాంటి ఒక్క మాట కోసం అర్ధరాత్రి అద్దం ముందు నిలబడి పెదాలు కదిపి చూసుకున్న రోజులున్నాయి. మా ఆవిడ మొదట్లో భయపడింది, ఇప్పుడు లైటు ఆర్పమంటుంది.

అది కష్టం కాదులే, అందులో రుచి ఉంది. అసలు కష్టం రాయడం అయ్యాక మొదలవుతుంది.

ఒకసారి టి.నగర్‌లో ఒక ఆఫీసు నుంచి నాకు ఎనిమిది వేలు రావాలి. పానగల్ పార్కు దగ్గర బస్సు దిగి, రెండంతస్తులు ఎక్కి, బల్ల మీద కూర్చునేవాణ్ని. గుమస్తా తలెత్తకుండానే ‘నాళైక్కు వాంగ’ అనేవాడు. రేపు రమ్మని. ఆ రేపు కోసం పదకొండుసార్లు తిరిగాను. పన్నెండోసారి వెళ్లలేదు, సిగ్గేసింది. ఆ డబ్బు అలాగే పోయింది. నా ఇంటి అద్దె మాత్రం నాకు సిగ్గేసిందని ఆగలేదు. మన రచయితలకు సంధులూ సమాసాలూ వచ్చినంత బాగా బాకీ అడగడం రాదు. అడిగితే చిన్నతనమనుకుంటాం. ఉద్యోగంలో నీ తరఫున ఒకటో తారీఖు అడుగుతుంది. ఇక్కడ నువ్వే అడగాలి. నెలలో ఎన్ని పేజీలు రాశావన్నది ఒక లెక్కయితే, ఎన్ని ఫోన్లు చేశావన్నది ఇంకో లెక్క.

అందుకని పని ఒప్పుకునే ముందే ఎంత, ఎప్పుడు అనేది రాతలో తీసుకో. మూడో వంతు ముందుగా అడుగు. చెల్లించేటప్పుడు పది శాతం పన్ను కోస్తే, ఆ కోసింది నీ పాన్ నంబరు మీద జమైందో లేదో చూసుకో. కోసి తమ దగ్గరే ఉంచుకున్నవాళ్లూ నాకు తగిలారు. జ్వరం వస్తే జీతం నష్టమే కాదు, ఆసుపత్రి బిల్లూ మనదే. ఆరోగ్య బీమా కట్టకుండా రాజీనామా ఇవ్వకు.

ఇంత చెప్పినా నేను ఉద్యోగానికి ఎందుకు వెళ్లలేదంటావా? 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా రాసినదానికి యజమానే తొలి హక్కుదారు. బయట ఉండి రాసినది నీది. ఆ హక్కు ఇంకొకరికి ఇవ్వాలంటే నీ సంతకంతో కాగితం ఉండాలి. అందులో గడువు రాయకపోతే అయిదేళ్లే చెల్లుతుంది. నాకిది చాలా ఆలస్యంగా తెలిసింది. అంతకుముందు నేను సంతకం చేసిన కాగితాల్లో ‘శాశ్వతంగా’ అన్న మాట ఎన్నిసార్లుందో లెక్కపెట్టడం మానేశాను.

ఇంకోటి, మంగళవారం పదకొండు గంటలకు ఎగ్మూరులో కన్నెమరా గ్రంథాలయానికి వెళ్లి కూర్చోగలను. 1896లో తెరిచిన భవనం అది. ఊరంతా ఆఫీసుల్లో ఉన్న వేళ ఆ పాత హాల్లో పుస్తకం తెరిస్తే కలిగే సుఖానికి నేను చాలా ఒకటో తారీఖులు చెల్లించాను. ఖరీదు ఎక్కువేనని మా ఆవిడ అభిప్రాయం. ఆమె మాటా కొట్టిపారేయలేను.

నువ్వు మాత్రం ఇప్పుడే మానకు. ఆరు నెలల ఖర్చు బ్యాంకులో పడేదాకా, కనీసం ముగ్గురు నిన్ను వెతుక్కుంటూ రెండోసారి వచ్చేదాకా రాత్రిళ్లే రాయి. ఒక్కరినే నమ్ముకున్నావంటే, అది జీతం లేని ఉద్యోగమే.

మూడు వందల పేజీల నవల అనువదిస్తే ‘మంచి పేరొస్తుంది’ అన్నారని రాశావు, ఎంత ఇస్తారో మాత్రం రాయలేదు. బహుశా నువ్వు అడిగి ఉండవు. వాళ్లకు జవాబు రాసి, పంపేముందు ఆదివారం ఇంటికి తీసుకురా. అందులో అంకె లేకపోతే కాఫీ ఇచ్చి వెనక్కి పంపేస్తాను.

ఇట్లు,
మీ మాస్టారు
వడపళని, చెన్నై