లేహ్ వెళ్తున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్లాన్ చూశాను. విమానం దిగిన మర్నాడే ఖర్దుంగ్ లా కనుమ ఎక్కడమేమిట్రా? లడఖ్‌లో ఆ లేహ్ ఊరే 3,500 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడి పలచని గాలికి ఒళ్లు అలవాటు పడాలి. మొదటి రెండు రోజులూ నీళ్లు తాగుతూ నింపాదిగా ఉండు. తలనొప్పి తగ్గకపోయినా, వాంతులైనా దాచుకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్లు.

రోజులు వృథా అవుతున్నాయని టెన్షన్ పడకు. రెండో రోజు సాయంత్రం కారులో గుట్ట మీది శాంతి స్తూపం దాకా వెళ్లి లోయని తీరిగ్గా చూడు. దక్షిణాన ఎదురుగా కనిపించే మంచు శిఖరం స్టోక్ కాంగ్రి, 6,153 మీటర్లు. నీ వెనక లడఖ్ శ్రేణి గ్రానైట్ కొండలు. నడుమ సింధు నది. రుతుపవన మేఘాలు హిమాలయాల అవతలి వైపే ఖాళీ అయిపోతాయి కాబట్టి, ఇక్కడ ఏడాదంతా కలిపి పడేది 100 మిల్లీమీటర్లే.

మరి పంటలెలా అంటావా? సింధు చాలాచోట్ల చేల కంటే దిగువన పారుతుంది. చేలకి నీళ్లిచ్చేవి పైన మంచు కరిగి దిగే పక్కవాగులు. వాగు కొండ సందులోంచి బయటపడగానే, తెచ్చిన రాళ్లూ మట్టీ విసనకర్రలా పరిచేస్తుంది. ఊళ్లూ, బార్లీ చేలూ ఎక్కువగా ఆ మేటల మీదే. పచ్చదనం ఆగే చోట నిలబడి చూడు: జానెడు కాలువ, ఇవతల బార్లీ, అవతల ఉత్త రాళ్లు. నాకైతే ఖర్దుంగ్ లా మీద అందరూ ఫోటో దిగే బోర్డు కంటే ఆ కాలువే గొప్ప.

మంచు ఎండకే కరుగుతుంది కదా, వాగులు పొద్దున తగ్గి మధ్యాహ్నం దాటాక పొంగుతాయి. రోడ్డుకి అడ్డంగా నీళ్లు పారే చోట్లు పొద్దున్నే దాటేయండి. వాగు ఎండి ఉంది కదా అని అందులో టెంటు వేయొద్దు. 2010 ఆగస్టులో ఒక్క రాత్రి కురిసిన కుండపోతకి బురద వరద వచ్చి, లేహ్ చుట్టుపక్కల రెండు వందల మందికి పైగా పోయారు.

ఖర్దుంగ్ లా మీద ఫోటో దిగి వెంటనే బయల్దేరు. అవతల ష్యోక్ లోయ, దాని వెనక కారకోరం పర్వతాలు. ఆ లోయలోని హుందర్ ఊళ్లో రెండు మూపురాల ఒంటెల దగ్గర ఎలాగూ క్యూ ఉంటుంది. నువ్వు దిస్కిత్ మఠం మెట్లెక్కి, నది పరిచిన ఇసకని పైనుంచి చూడు.

ఇంకోటి, మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు. పోస్ట్‌పెయిడ్ తీసుకో. అయినా దారిలో సిగ్నల్ ఉండదని మీ అమ్మకి ముందే చెప్పు, లేకపోతే నా ఫోన్ మోగుతూనే ఉంటుంది.

మామయ్య