కథ పలచగా ఉన్నా భారీ రాక్షస జీవుల సినిమాలు ఎందుకు నచ్చుతాయి?

ఈ సినిమాలకు వెళ్లే ప్రేక్షకుడు ప్రధానంగా కోరుకునేది పరిమాణం. తెర మీది జీవి ముందు మనిషి ఎంత అల్పుడో కళ్లకు కట్టినట్టు కనిపిస్తే, సంభాషణలు సాదాసీదాగా ఉన్నా చెల్లిపోతుంది.

ఆ బరువును నమ్మించడమే అసలు విద్య. 1954లో జపాన్‌లో వచ్చిన ‘గాడ్జిల్లా’లో బరువైన తొడుగు వేసుకున్న నటుడు నగరపు చిన్న నమూనాలను తొక్కుకుంటూ వెళ్తాడు. ఇలాంటి దృశ్యాలను కెమెరాను ఎక్కువ వేగంతో నడిపి, అంటే సెకనుకు ఎక్కువ ఫ్రేములు తీసి, తెరపై మామూలు వేగంతో చూపిస్తారు. దాంతో కదలిక నెమ్మదించి, ఆ జీవి కొండంత బరువున్నట్టు అనిపిస్తుంది. పెద్ద భవనం కూలడానికి చిన్న గోడ కంటే ఎక్కువ సమయం పడుతుందని మన కంటికి తెలుసు. ఇప్పటి గ్రాఫిక్స్ సినిమాలు కొన్ని తేలిపోయేది ఇక్కడే: జీవులు మరీ చురుగ్గా గెంతుతాయి. పక్కన వంతెనో, పారిపోయే జనమో లేకపోతే కొలత కూడా అందదు.

కథ బొత్తిగా అక్కర్లేదని అనను. తొలి గాడ్జిల్లా వెనుక అణుబాంబుల భయం ఉంది, అందుకే అది ఇప్పటికీ కలవరపెడుతుంది. తర్వాతి భాగాలు చాలావరకు కుస్తీ పోటీల్లా మారాయి. నాకైతే అవీ ఇష్టమే. రాక్షస జీవి కోసం వచ్చినవాళ్లను గంటసేపు కుటుంబ కలహాలతో కూర్చోబెట్టినప్పుడే ఒళ్లు మండుతుంది.