ఆ బడి రాకపోతే కొంపేం మునగదురా

చిరంజీవి వంశీకి,

రాత్రి పదకొండింటికి నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ పొద్దున్న కాఫీ తాగుతూ విన్నాను. "పన్ను అందరితో సమానంగా కడుతున్నాం, బడి గేటుకి మూడొందల మీటర్ల దూరంలో ఉంటున్నాం, అయినా మన చిన్ని చివరి వరసలోనా అత్తయ్యా" అన్నావు. కోపంలో రెండు సంగతులు కలిపేశావురా. సింగపూర్ బడుల్లో ముందు సిటిజన్లకి సీట్లిచ్చి, మనలాంటి పీఆర్‌లకి (శాశ్వత నివాసులకి) మిగిలితేనే ఇవ్వాలన్న రూలు న్యాయమా కాదా అన్నది ఒకటి, చిన్నిని ఏ బడిలో వెయ్యాలన్నది ఇంకోటి. మొదటిది తేలేసరికి చిన్నికే పెళ్ళీడు వస్తుంది. జూలై లోపల తేలాల్సింది రెండోది. కానీ కడుపులో మంట చల్లారందే నువ్వేదీ వినవు కాబట్టి మొదటిదే ముందు మాట్లాడతాను.

మాకిది కొత్త కాదు. 2010లో మా వాడికి పీ-వన్ రిజిస్ట్రేషన్, అంటే ఒకటో తరగతి సీటుకి పేరు నమోదు. సరిగ్గా ఆ ఏడాదే, సీట్లు చాలకపోతే వేసే లాటరీలో సిటిజన్లకి రెండు చీట్లు, పీఆర్‌లకి ఒకటి అన్నారు. మాది తగల్లేదు. ఆ రాత్రి మీ మావయ్య అన్నం ముట్టలేదు. రెండేళ్ళు తిరిగేసరికి, 2012లో, ఆ ఒక్క చీటీ విలువ కూడా పోయింది. ముందు సిటిజన్లందరికీ ఇచ్చి, మిగిలితేనే పీఆర్‌లకి అన్నారు. ఇప్పటికీ అదే వరస. కిలోమీటరు లోపలి సిటిజన్లు, ఆ తర్వాత రెండు కిలోమీటర్ల లోపలి వాళ్ళు, ఆ తర్వాత ఎంత దూరమైనా సరే సిటిజన్లు, వాళ్ళంతా అయ్యాక కిలోమీటరు లోపలి మనం.

అన్యాయం అంటావు. ఒక్క మాట అడుగుతాను, నొచ్చుకోకు. నీకు ఇంజనీరింగ్ సీటు ఎలా వచ్చింది? ఆంధ్రా యూనివర్సిటీ ఏరియా లోకల్ కోటాలో కాదూ? 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం నూటికి 85 సీట్లు లోకల్ వాళ్ళవే. పక్కనున్న నెల్లూరు ఎస్వీ యూనివర్సిటీ ఏరియా కాబట్టి అక్కడి పిల్లవాడు ఆ 85లో నీతో పోటీకే రాలేదు. అప్పుడు మన ఇంట్లో ఎవరమూ అతని గురించి బాధపడలేదు. పెట్టెలోంచి స్టడీ సర్టిఫికెట్లు తీసి, మనం లోకలే అని నిరూపించుకుని, స్వీట్లు పంచుకున్నాం. ఇక్కడ మనం నాన్‌లోకల్. అంతే తేడా.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. ఇక్కడ నిర్బంధ విద్య చట్టం 2003 నుంచి అమల్లో ఉంది. అది సిటిజన్ల పిల్లలకి మాత్రమే. మినహాయింపు లేకుండా పిల్లని బడికి పంపని సిటిజన్ మీద కేసు పెట్టొచ్చు. నీ మీద పెట్టరు. నువ్వు చిన్నిని ఇంటర్నేషనల్ స్కూల్లో వేసుకోవచ్చు, తెనాలి తీసుకుపోయి మీ అమ్మ దగ్గర చదివించుకోవచ్చు. వాళ్ళకి బాధ్యత ఉంది, ముందు వరసా ఉంది. నేను ఆ లెక్కకి ఒప్పుకున్నాను.

అయితే పూర్తిగా తల ఊపానని అనుకోకు. ఐదు కిలోమీటర్ల అవతలి సిటిజన్ పిల్ల బస్సెక్కి వచ్చి, గేటు ఎదురుగా ఉన్న పీఆర్ పిల్ల ఎం.ఆర్.టి. రైలెక్కి పోవడం నాకు మింగుడుపడదు. ముందు దూరం చూసి, ఒకే దూరంలో ఉన్న వాళ్ళలో సిటిజన్లకి పెద్దపీట వేస్తే నేను కిక్కురుమనను. ఆరేడేళ్ళ పిల్ల కాళ్ళకి పాస్‌పోర్టు రంగు తెలియదు కదా. ఇంకోటి, మా వాడు పీఆర్‌గానే రెండేళ్ళు తప్పనిసరి నేషనల్ సర్వీసు చేశాడు. తుపాకీ పట్టేటప్పుడు ఏ వరసలో ఉన్నావని ఎవరూ అడగలేదు. అది మాత్రం నాకు ఇప్పటికీ కాస్త ముల్లులా ఉంటుంది.

సరే, ఇక పని సంగతి.

నువ్వు మనసు పడ్డ బడి గురించి విన్నాను. సీట్లు విడతల వారీగా ఇస్తారు. అన్నో అక్కో అక్కడ చదువుతున్న పిల్లలకి ఫేజ్ 1, అమ్మానాన్నలు పూర్వ విద్యార్థులైతే ఫేజ్ 2ఏ, అక్కడ వాలంటీర్లుగా చేసినవాళ్ళకి 2బి. అన్నీ అయ్యాక నీలాంటి వాళ్ళకి 2సి. 2022 నుంచి 2సి కోసం 40 సీట్లు విడిగా ఉంచుతున్నారు. పేరున్న బడిలో ఆ నలభైకీ కిలోమీటరు లోపలి సిటిజన్ల మధ్యే లాటరీ పడుతుంది. నీ అప్లికేషన్ తెరిచే అవసరమే రాదు. అది ఆశ కాదురా, భ్రమ. పైగా కొన్ని బడుల్లో పీఆర్ పిల్లలు 25 నుంచి 30 శాతం మించకూడదని పరిమితి కూడా ఉంది. మీ బడి ఆ జాబితాలో ఉందేమో చూసుకో.

విద్యాశాఖ ప్రతి ఫేజ్‌కీ ఎన్ని సీట్లున్నాయి, ఎంతమంది అడిగారు, ఎక్కడ లాటరీ పడింది అన్నది బయటపెడుతుంది. మీ ఇంటికి రెండు కిలోమీటర్ల లోపు బడులన్నిటికీ గత కొన్నేళ్ళ అంకెలు రాసుకో. 2సిలో లాటరీ లేకుండా సీట్లు మిగిలిన బడి ఒకటో రెండో కనిపిస్తాయి. మా వాడు చివరికి అలాంటి బడిలోనే చదివాడు. మా బిల్డింగు కింద ఖాళీగా ఉండే వాయిడ్ డెక్ దాటి, రోడ్డు దాటితే బడి. పేరు చెబితే ఎవరికీ తెలియదు. వాడికి లెక్కలు నేర్పిన ఆవిడకి ఇప్పటికీ దీపావళికి మురుకులు పంపుతాను. వాడి వెనక మా అమ్మాయికి ఫేజ్ 1లో ఏ గొడవా లేకుండా అక్కడే సీటొచ్చింది. మొదటి బిడ్డకి నువ్వు ఎంచే బడే రెండో బిడ్డకీ బడి అవుతుంది, అందుకని ఆ కోణంలోనూ ఆలోచించు.

ఎంచుకునే ముందు ఆఫీసుకి ఫోన్ చేసి రెండో భాష సంగతి అడుగు. మన తెలుగు ఇక్కడి జాబితాలో లేదు. తమిళం ఎలాగూ ఉంది. అది కాకపోతే హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూలలో ఒకటి. హిందీ అన్ని బడుల్లోనూ చెప్పరు. లేకపోతే వేరే సెంటర్‌కి మోసుకెళ్ళాలి. మా అమ్మాయి మా అమ్మకి పండక్కి హిందీలో శుభాకాంక్షలు రాస్తే, ఆవిడ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి "బాగుంది తల్లీ" అంది పాపం.

వాలంటీర్ పని చేద్దామా అని కోడలు అడిగిందట. కనీసం 40 గంటలు. అది ముందు ఏడాదే మొదలుపెట్టాలి, బడి వాళ్ళు నిన్ను ఎంచుకోవాలి. అంతా చేశాక 2బిలోనూ సీట్లు చాలకపోతే మళ్ళీ సిటిజన్లే ముందు. చెయ్యాలనిపిస్తే చిన్ని చేరాక ఆ బడిలో, సీటు ఆశించకుండా చెయ్యమను.

ఇక నువ్వు మెసేజ్ చివర్లో మెల్లగా అన్న మాట. ఇంకో బడి దగ్గరుండే ఎవరో స్నేహితుడి అడ్రసు పెట్టడం గురించి. ఆ ఆలోచన ఇప్పుడే చెత్తబుట్టలో వెయ్యి. దూరం చూపించి సీటు తెచ్చుకుంటే ఆ ఇంట్లో 30 నెలలు నిజంగా కాపురం ఉండాలి. అబద్ధమని తేలితే పోలీసుల దాకా వెళ్తుంది, చిన్నిని సీట్లున్న వేరే బడికి మార్చేస్తారు. పీఆర్‌ మీద కేసంటే మాటలు కాదు.

సిటిజన్‌షిప్ మాట. బడి కోసం మాత్రం వద్దు. ఇప్పుడు పెట్టినా ఏడాది దాకా పట్టొచ్చు, ఈ జూలైకి అందదు. ఇండియా రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు, సింగపూరూ ఒప్పుకోదు. ఇండియా పౌరసత్వం వదిలి ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన మనవాళ్ళకి ఇండియా ఇచ్చేది) తీసుకుంటే మన ఊళ్ళో పొలం కొత్తగా కొనలేవు, వారసత్వంగా వచ్చింది ఉంచుకోవచ్చు. మీ నాన్న మూడెకరాల సంగతి ముందు ఆయనతో మాట్లాడు. అన్నీ ఆలోచించి, ఇక్కడే ముసలివాళ్ళం అవుతాం అనిపిస్తే తప్పకుండా తీసుకో. మా వాడు అలాగే తీసుకున్నాడు. నేనూ మావయ్యా ఇంకా తీసుకోలేదు. మమ్మల్ని చూసి నేర్చుకోకు, మాది బద్ధకం.

ఫీజు గురించి కూడా సణుక్కున్నావు. సిటిజన్ పిల్లకి చిల్లర ఖర్చులే, మనకి నెలకి రెండొందల యాభై డాలర్ల పైచిలుకు. ప్లేస్కూలుకి ఇప్పుడు ఎంత కడుతున్నావో ఒకసారి చూసుకుని అప్పుడు సణుగు.

శనివారం సాయంత్రం ముగ్గురూ రండి. ఆ అంకెలు రాసిన కాగితం తీసుకురా. ఎండ తగ్గాక చిన్నిని వెంటబెట్టుకుని మీ ఇంటి వెనక ఉన్న ఇంకో బడి దాకా నడిచి చూద్దాం. దాని కాళ్ళతో ఎన్ని నిమిషాలు పడుతుందో లెక్కపెడదాం. గోంగూర దొరికింది, పచ్చడి చేసి ఉంచుతాను.

ఆశీస్సులతో
మీ అత్తయ్య