ఆర్డినెన్స్ వేరు, ఆర్డ్‌నెన్స్ వేరు: కొత్తగా డెస్కులో చేరిన తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన అనువాదాలు చదివాను. వాక్యం చక్కగా నడుస్తోంది, తెలుగు తెలుగులానే ఉంది. ఒక్కచోట మాత్రం ఆగాల్సి వచ్చింది. ‘సైన్యం ఆర్డినెన్స్ డిపోలో అగ్నిప్రమాదం’ అని రాశావు. డిపోలో ఆర్డినెన్స్ ఉండదు. అది తాత్కాలిక చట్టం, రాష్ట్రపతో గవర్నరో జారీ చేస్తే పుడుతుంది, గడువు తీరితే చెల్లకుండా పోతుంది. డిపోలో ఉండేది ఆర్డ్‌నెన్స్, అంటే తుపాకులు, ఫిరంగులు, గుళ్లు, వాటి విడిభాగాలు. ఇంగ్లిష్‌లో ఈ రెంటికీ తేడా నడుమనున్న ఒక్క ‘ఐ’ అక్షరమే. రెండూ సరైన మాటలే కనుక స్పెల్‌చెక్ దేని కిందా ఎర్రగీత గీయదు.

తెలుగులోకి వచ్చేసరికి చిక్కు ఇంకాస్త ముదురుతుంది. ‘ఆర్డ్‌నెన్స్’ అని టైపు చేయాలంటే డకారం దగ్గర పొల్లు నిలబెట్టాలి. అక్షరాలను విడదీసే మీట నొక్కకపోతే రకారం, డకారం, నకారం మూడూ ఒకదానికింద ఒకటి చేరి చదవరాని ముద్దగా తయారవుతాయి. దాంతో విసిగి డకారానికి గుడి పెట్టేస్తారు. అక్కడితో ఆయుధం కాస్తా శాసనమైపోతుంది! రిపోర్టరు ఫోన్లో గబగబా చెప్పేటప్పుడూ ఇంతే, రెండూ ఒకేలా వినపడతాయి. కాబట్టి చెవిని నమ్ముకోకు, అక్షరం అడుగు.

అసలు రెండూ ఒక తల్లి బిడ్డలే. పాత ఫ్రెంచిలో ఏర్పాటు, ఆజ్ఞ అనే అర్థాలున్న మాట నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చాయి. యుద్ధసామగ్రి ఏర్పాటు అన్న అర్థంలో వాడగా వాడగా నడుమనున్న అచ్చు జారిపోయింది. 17వ శతాబ్దానికి రెండు స్పెల్లింగులూ రెండు పనులకు స్థిరపడ్డాయి. అంతకు ముందటి ఇంగ్లిష్ రాతల్లో ఫిరంగుల గురించి కూడా ‘ఐ’ ఉన్న మాటే కనిపించవచ్చు. చరిత్ర వ్యాసాలు అనువదించేటప్పుడు ఇది గుర్తుంచుకుంటే చాలు, వార్తలకు అక్కర్లేదు.

ముందు ఆర్డినెన్స్ సంగతి చూద్దాం. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది దీని చుట్టూ ఉండే క్రియల దగ్గరే. రాజ్యాంగంలోని 123వ అధికరణ రాష్ట్రపతికి, 213వ అధికరణ గవర్నరుకు ఈ అధికారం ఇస్తున్నాయి. ముసాయిదాను ఆమోదించేది మంత్రివర్గం, జారీ చేసేది రాష్ట్రపతి లేదా గవర్నరు. ‘కేబినెట్ ఆర్డినెన్స్ జారీ చేసింది’ అని రాస్తే రెండు మెట్లు ఒకటైపోయినట్టే. ఉభయ సభలూ సమావేశంలో ఉంటే ఆర్డినెన్స్ కుదరదు. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. సభ నిరవధికంగా వాయిదా పడినంత మాత్రాన సమావేశం ముగిసినట్టు కాదు, ప్రొరోగ్ చేస్తేనే, అంటే రాష్ట్రపతో గవర్నరో అధికారికంగా ముగిస్తేనే ముగుస్తుంది. అందుకే ఆర్డినెన్స్ వార్త వచ్చినప్పుడు ప్రొరోగ్ ఎప్పుడైందో రిపోర్టరును తప్పకుండా అడుగు.

గడువు విషయంలో ‘ఆర్డినెన్స్ ఆరు నెలలు అమల్లో ఉంటుంది’ అని కళ్లు మూసుకుని రాసేస్తుంటారు. రాజ్యాంగం అలా చెప్పలేదు. సభలు తిరిగి కొలువుదీరిన రోజు నుంచి 6 వారాలు గడిస్తే అది చెల్లదు. రెండు సభలూ వేర్వేరు రోజుల్లో మొదలైతే, తర్వాత మొదలైన రోజు నుంచి లెక్క. ఆరు నెలల లెక్క రెండు సమావేశాల మధ్య ఉండదగ్గ గరిష్ఠ విరామానిది. రెండూ కలిపితే ఒక ఆర్డినెన్స్ మహా అయితే ఆరు నెలల ఆరు వారాలు బతుకుతుంది. ఈలోగా దాని స్థానంలో బిల్లు ఆమోదం పొందాలి. గడువు ముగిస్తే ‘కాలం చెల్లింది’ అని రాయి. ప్రభుత్వమే వెనక్కి తీసుకుంటే ‘ఉపసంహరించింది’ అని రాయి. రెంటికీ ‘రద్దు’ అని రాస్తే చదివేవాడికి ఏం జరిగిందో తెలియదు.

గడువు తీరిన ఆర్డినెన్స్‌నే మళ్లీ మళ్లీ జారీ చేస్తూ పోతే? బిహార్‌లో 1967 నుంచి 1981 వరకు 256 ఆర్డినెన్సుల విషయంలో అదే జరిగింది. పుణెలోని గోఖలే ఇన్‌స్టిట్యూట్ అధ్యాపకుడు డి.సి. వాధ్వా సుప్రీంకోర్టుకు వెళ్లగా, 1986లో కోర్టు దాన్ని రాజ్యాంగానికి చేసిన మోసంగా తేల్చింది. ఇలాంటి వార్తకు ‘పునఃజారీ’ అన్న మాట వాడు. ‘పొడిగింపు’ కాదు. ఆర్డినెన్స్‌ను పొడిగించే అధికారం ఎవరికీ లేదు.

మన రాజ్యాంగ పరిధి దాటి బయటికి వెళ్తే ఇదే మాటకు అర్థం మారిపోతుంది. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో మనవాళ్లు పంపే వార్తల్లో ‘సిటీ ఆర్డినెన్స్’ కనిపిస్తుంది. అమెరికాలో అది నగర పాలక మండలి చర్చించి చేసిన మామూలు స్థానిక చట్టం. దానికి ఆరు వారాల గడువూ ఉండదు, తొందరా ఉండదు. రాత్రిపూట లౌడ్ స్పీకర్ మీద ఆంక్షలు, ఇంటి ముందు గడ్డి ఎత్తు, పార్కింగు అన్నీ అందులోకే వస్తాయి. దాన్ని తెలుగులో ‘ఆర్డినెన్స్’ అని వదిలేస్తే హైదరాబాద్ పాఠకుడు గవర్నరును ఊహించుకుంటాడు. ‘నగర నిబంధన’ అని రాయి. హాంకాంగ్‌లో శాసనసభ చేసిన శాశ్వత చట్టాల పేర్లలోనూ ఈ మాటే ఉంటుంది, అక్కడ ‘చట్టం’ అంటే సరిపోతుంది. మన విశ్వవిద్యాలయాల్లో పరీక్షలు, ప్రవేశాలు, ఫీజుల నియమావళినీ ఇదే పేరుతో పిలుస్తారు. అది కూడా గవర్నరు తెచ్చే ఆర్డినెన్స్ కాదు.

ఒక విడ్డూరం కూడా చెబుతాను. 1944 నాటి క్రిమినల్ లా సవరణ ఆర్డినెన్స్ ఇప్పటికీ అమల్లోనే ఉంది. అవినీతి కేసుల్లో ఆస్తుల జప్తుకు దాన్ని వాడుతున్నారు. యుద్ధకాలంలో బ్రిటిష్ పార్లమెంటు చేసిన ఏర్పాటు వల్ల దానికి గడువు లేకుండా పోయింది. కోర్టు వార్తలో ‘1944 ఆర్డినెన్స్’ అని కనపడితే తప్పనుకుని కొట్టేయకు.

ఇక ఆర్డ్‌నెన్స్. దీన్ని తెలుగు లిపిలోకి ఎక్కించడం కంటే తెలుగు చేయడమే మేలు. కర్మాగారమైతే ‘ఆయుధ కర్మాగారం’, నిల్వచేసే చోటైతే ‘ఆయుధ డిపో’, నేలలో దొరికినదైతే ‘పేలని మందుగుండు’. ఆ చివరిదాన్ని ‘పేలని బాంబులు’ అని కుదించకు, అందులో ఫిరంగి గుళ్లు, గ్రెనేడ్లు కూడా ఉంటాయి. లావోస్‌లో 1964–73 మధ్య అమెరికా కురిపించిన వాటిలో పేలక మిగిలినవి ఈనాటికీ పొలాల్లో బయటపడుతున్నాయి. ఆ వార్తల్లో ఈ మాట తరచూ తగులుతుంది. సికింద్రాబాద్‌లో శిక్షణ కేంద్రం ఉన్న ఆర్మీ ఆర్డ్‌నెన్స్ కోర్ మాత్రం సంస్థ పేరు కనుక అలాగే ఉంచాలి. అయితే దాన్ని ‘ఆయుధ విభాగం’ అని వివరిస్తే సగమే చెప్పినట్టు. సైనికుల దుస్తులు, వాహనాల విడిభాగాలు కూడా వాళ్లే సరఫరా చేస్తారు. తిండి, ఇంధనం వేరే విభాగం చూసుకుంటుంది. ‘సైనిక సామగ్రి సరఫరా విభాగం’ అన్నది దగ్గరగా ఉంటుంది.

మెదక్ ఆయుధ కర్మాగారం సంగతి నీకు తరచూ పనికొస్తుంది. సైన్యం వాడే శరత్ పోరాట వాహనాలు అక్కడే తయారవుతాయి. పేరులో మెదక్ ఉన్నా అది ఉన్నది సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో. 2016లో జిల్లాల విభజన జరిగాక, వార్త మొదట్లో ఊరిపేరు రాసే డేట్‌లైన్‌లో ఇది తరచూ తప్పుతోంది. స్థానికులు ‘ఓడీఎఫ్’ అంటారు. కానీ బహిరంగ మలవిసర్జన లేని గ్రామాలకు ప్రభుత్వం పెట్టిన పొట్టిపేరు కూడా ఓడీఎఫే. కాబట్టి శీర్షికలో ఆ మూడక్షరాలు ఒంటరిగా వదిలేయకు.

రెండు మాటలూ ఒకే వార్తలో ఎదురైన సందర్భం 2021లో వచ్చింది. దేశంలోని 41 ఆయుధ కర్మాగారాలను ఏడు కంపెనీలుగా మార్చాలని కేంద్ర మంత్రివర్గం జూన్‌లో నిర్ణయించింది. కార్మిక సంఘాలు జూలై 26 నుంచి నిరవధిక సమ్మె అన్నాయి. జూన్ 30న అత్యవసర రక్షణ సేవల ఆర్డినెన్స్ వచ్చింది, సమ్మెలను నిషేధించే అధికారం కేంద్రానికి దక్కింది. అంటే, ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీల మీద ఆర్డినెన్స్! ‘ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల్లో సమ్మెపై ఆర్డినెన్స్’ అని శీర్షిక పెడితే పాఠకుడు రెండుసార్లు చదివి పక్కన పడేస్తాడు. ‘ఆయుధ కర్మాగారాల్లో సమ్మెలకు కళ్లెం: కేంద్రం ఆర్డినెన్స్’ అంటే ఒక్క చూపులో అర్థమవుతుంది. గడువు కూడా దీని మీదే వేసి చూడు. పార్లమెంటు జూలై 19న మొదలైంది, 6 వారాలంటే ఆగస్టు 30. ఆ లోపే, ఆగస్టులోనే బిల్లు ఉభయ సభల్లో నెగ్గి చట్టమైంది. అక్టోబరు 1 నుంచి ఏడు కంపెనీలూ పని మొదలుపెట్టాయి. ఎద్దుమైలారం కర్మాగారం చెన్నై ఆవడి కేంద్రంగా ఉన్న ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ కిందికి వెళ్లింది. కనుక ఆ తేదీ తర్వాతి వార్తల్లో, అంతకుముందు ఈ కర్మాగారాలన్నిటినీ నడిపిన ‘ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డు’ అని వర్తమానంలో రాయకూడదు.

అనుమానం వచ్చినప్పుడు వాక్యంలో ఆ మాట పక్కన ఏముందో చూడు. జారీ, గడువు, బిల్లు, గవర్నరు ఉంటే ఒకటి. డిపో, ఫ్యాక్టరీ, పేలుడు, నిల్వ ఉంటే ఇంకొకటి. ఈ రెండు గుంపుల్లో ఏదీ లేకపోతే రిపోర్టరుకు ఫోన్ చెయ్యి.

ఈ లెక్కకు లొంగనిది ఒకటుంది. బ్రిటన్ పటాల సంస్థ పేరు ఆర్డ్‌నెన్స్ సర్వే. దాన్ని ‘ఆయుధాల సర్వే’ అని అనువదించినవాళ్లూ లేకపోలేదు. 1791లో అక్కడి సైనిక సామగ్రి బోర్డు ఆధ్వర్యంలో పుట్టింది కనుక ఆ పేరు అతుక్కుపోయింది. ఇప్పుడు దానికీ ఆయుధాలకూ సంబంధం లేదు. పేరు అలాగే ఉంచి, పక్కన ‘బ్రిటన్ జాతీయ పటాల సంస్థ’ అని చేర్చు.

డిపో వార్త సరిచేసి రేపటికి పంపు.

నీ అన్న