ఖాళీ కుర్చీకి ఎవరు? జార్జియా గవర్నర్ అభ్యర్థులను పోల్చే పద్ధతి

డిసెంబరు 2025

చి.ల.సౌ. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ప్రమాణం చేసి అమెరికా పౌరురాలివయ్యావు, మొదటి ఓటే గవర్నర్ ఎన్నికకు పడబోతోంది. చాలా సంతోషం. ఎవరికి వెయ్యాలో చెప్పమని అడిగావు. అది నేను చెప్పకూడదు తల్లీ, చెప్పను కూడా. ఎలా పోల్చుకోవాలో మాత్రం వివరంగా రాస్తున్నాను. రెండు ఆదివారాలు కూర్చుంటే సరిపోయే పని.

బ్రయన్ కెంప్ 2019 జనవరి నుంచి గవర్నర్. జార్జియాలో వరుసగా రెండు దఫాలకు మించి ఆ పదవిలో ఉండనివ్వరు. అందుకే 2026లో కుర్చీ ఖాళీ. ఉన్న గవర్నరే మళ్లీ నిలబడితే ఓటరు పని సులువు: నాలుగేళ్ల పాలన నచ్చిందా లేదా అని చూసుకుంటే చాలు. ఇప్పుడు నిలబడ్డవాళ్లలో ఆ పని చేసినవాళ్లు ఒక్కరూ లేరు. ఒకరు మేయరు, ఒకరు అటార్నీ జనరల్, ఒకరు లెఫ్టినెంట్ గవర్నర్, అంటే ఉప గవర్నర్. వేర్వేరు ఉద్యోగాలు చేసినవాళ్లను ఒకే ఉద్యోగానికి తూచాలి. కాబట్టి ముందు మనుషుల్ని పక్కనపెట్టి ఆ కుర్చీ చేతిలో ఏముందో తెలుసుకో. ఇది వదిలేసి నేరుగా మనుషుల దగ్గరికి వెళ్లేవాళ్లే చివరికి మొహం చూసి ఓటేస్తారు.

మనకు గవర్నర్ అనగానే రాజ్‌భవన్ గుర్తొస్తుంది, రాష్ట్రపతి నియమించే పెద్దమనిషి గుర్తొస్తాడు. ఇక్కడి గవర్నర్ మన ముఖ్యమంత్రి లాంటివాడు, కానీ అచ్చంగా అదే కాదు. మన ముఖ్యమంత్రి మంత్రుల్ని తనే ఎంచుకుంటాడు, సభలో మెజారిటీ ఆయనదే. జార్జియాలో అటార్నీ జనరల్, ఎన్నికలు నడిపించే సెక్రటరీ ఆఫ్ స్టేట్, పాఠశాలల సూపరింటెండెంట్, వ్యవసాయ, కార్మిక, బీమా కమిషనర్లు అందరూ ఎవరికి వారు విడిగా ఎన్నికవుతారు. లెఫ్టినెంట్ గవర్నర్ కూడా అంతే, గవర్నర్‌తో జంటగా టికెట్ ఉండదు. వీళ్లు ఎదుటి పార్టీవాళ్లైనా గవర్నర్ పీకెయ్యలేడు.

మరి గవర్నర్ చేతిలో గట్టిగా ఉన్నదేమిటి? మొదటిది ఆదాయపు అంచనా. వచ్చే ఏడాది రాష్ట్రానికి ఎంత వస్తుందో అంకె వేసేది గవర్నరే, శాసనసభ ఆ అంకెను దాటి ఖర్చు రాయలేదు. బయట పెద్దగా వినపడదు గానీ నా లెక్కలో అన్నిటికన్నా బరువైన అధికారం ఇదే. తక్కువ వేసి డబ్బు మిగిల్చుకునే మనిషా, ఎక్కువ వేసి మధ్యలో కోతలు పెట్టే మనిషా అన్నది మీ బడి మీదా, రోడ్డు మీదా కనపడుతుంది. రెండోది వీటో. బడ్జెట్‌లో ఒక్కో పద్దును విడిగా కొట్టేయవచ్చు. శాసనసభ ఏడాదికి 40 పనిదినాలే కూర్చుంటుంది. అది ముగిశాక బిల్లులు చూసుకోవడానికి గవర్నర్‌కు మరో 40 రోజులుంటాయి. వీటోను తోసిపుచ్చాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండు వంతులు కావాలి, అంటే సెనేట్‌లో 56కి 38, హౌస్‌లో 180కి 120. మూడోది నియామకాలు. విశ్వవిద్యాలయాల ఫీజులు తేల్చే బోర్డ్ ఆఫ్ రీజెంట్స్ సభ్యుల్ని గవర్నరే నియమిస్తాడు, ఏడేళ్ల పదవీకాలం. మధ్యలో ఖాళీ అయిన జడ్జి పదవుల్ని నింపేదీ ఆయనే.

ఇప్పుడు ఒక కాగితం అడ్డంగా పెట్టుకుని అయిదు గడులు గియ్యి. మొదటి గడిలో వాగ్దానం, అభ్యర్థి నోటి నుంచి వచ్చిన మాటల్లోనే. రెండో దాంట్లో ఆ పని ఎవరి చేతిలో ఉంది: గవర్నర్ ఒక్కడి చేతిలోనా, శాసనసభతో కలిసా, లేక అసలు వేరేవాళ్ల చేతిలోనా. మూడో దాంట్లో ఖర్చెంత, డబ్బెక్కడిది. నాలుగులో ఇదివరకు పదవిలో ఉన్నప్పుడు ఇదే విషయంలో ఏం చేశాడు. అయిదులో ఆ సంగతి నువ్వు ఎక్కడ చూశావు, ఏ తేదీన. అంశాలు నాలుగు చాలు, మీ ఇంటి ఖర్చుల్లోంచీ పిల్లల చదువుల్లోంచీ తీసుకో. పదిహేను పెట్టుకుంటే మూడో అంశానికే విసుగొచ్చి మానేస్తావు.

కరెంటు బిల్లుతో చేసి చూపిస్తాను. మీ కాలనీలో అందరి మొరా అదే కదా. "బిల్లులు తగ్గిస్తాం" అని ఎవరైనా అంటే మొదటి గడి నిండింది. రెండో గడి దగ్గర ఆగు. కరెంటు కంపెనీ జార్జియా పవర్ రేట్లు తేల్చేది పబ్లిక్ సర్వీస్ కమిషన్. అందులో అయిదుగురు, వాళ్లను ఎన్నుకునేది ఓటర్లే. 2025 నవంబరులో రెండు స్థానాల్లో పదవిలో ఉన్న రిపబ్లికన్లు ఓడి డెమోక్రాట్లు గెలిచింది ఆ కమిషన్‌కే. అంటే రేటు అంకె మీద గవర్నర్ సంతకం ఉండదు. అలాగని గవర్నర్‌కు ఏ సంబంధమూ లేదనుకోకు. కరెంటు విపరీతంగా వాడే డేటా సెంటర్లకు ఇచ్చే అమ్మకపు పన్ను మినహాయింపును కొంతకాలం ఆపుదామని 2024లో శాసనసభ హెచ్‌బీ 1192 అనే బిల్లు పాస్ చేసింది. కెంప్ దాన్ని వీటో చేశాడు. అక్కడుంది గవర్నర్ చెయ్యి. కాబట్టి అభ్యర్థిని "బిల్లు తగ్గిస్తారా" అని అడిగితే "తప్పకుండా" అనే జవాబొస్తుంది, దాంతో నీకు ఒరిగేదేమీ లేదు. "హెచ్‌బీ 1192 లాంటిది మీ బల్ల మీదకొస్తే సంతకం పెడతారా, వీటో చేస్తారా?" అని అడుగు. ఏ జవాబొచ్చినా అది కాగితం మీద రాసుకోదగ్గది.

ఆదాయపు పన్ను ఇంకో మంచి ఉదాహరణ. లెఫ్టినెంట్ గవర్నర్ బర్ట్ జోన్స్ రాష్ట్ర ఆదాయపు పన్నును పూర్తిగా ఎత్తేయాలంటున్నాడు. ఈ 2025కి రేటు 5.19 శాతం, అంతకుముందు ఏడాది 5.39. మినహాయింపులు పోను మీకు లక్ష డాలర్లు మిగిలితే కట్టేది 5,190 డాలర్లు. రేటు 0.1 తగ్గినప్పుడల్లా మీకు మిగిలేది వంద డాలర్లు. అదే పూర్తిగా ఎత్తేస్తే మిగిలేది చిన్న మొత్తం కాదు. ఇప్పుడు మూడో గడి. రాష్ట్రం సొంతంగా వసూలు చేసుకునే ఆదాయంలో దాదాపు సగం ఈ పన్నే. ఆ సగం పోతే ఏది పెరుగుతుంది, ఏది తగ్గుతుంది? రాష్ట్ర అమ్మకపు పన్ను 4 శాతం, ఇంట్లో వండుకునే సరుకులకు అది లేదు. ఆ మినహాయింపు ఉంటుందా? ఎన్నేళ్లలో, ఏ మెట్లలో తగ్గిస్తారు? రాష్ట్రం దగ్గర నిల్వ ఉన్న సొమ్ముతో సర్దుతామంటే నమ్మకు. నిల్వ ఒక్కసారి ఖర్చయిపోతుంది, పన్ను రాబడి ఏటేటా పోతుంది. పన్ను వద్దనేవాళ్లకు పెట్టిన ఈ పరీక్షనే కొత్త పథకాలు తెస్తామనేవాళ్లకూ పెట్టు. ఒకే కాటాలో ఇద్దర్నీ తూచకపోతే ఇన్ని గీతలు గీయడం దండగ.

మెడికెయిడ్, అంటే తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా విషయంలో డెమోక్రాట్ అభ్యర్థులు విస్తరిస్తామంటున్నారు. జార్జియాలో ఇప్పుడున్నది 2023 జులైలో మొదలైన పాత్‌వేస్ పథకం, నెలకు 80 గంటల పనో చదువో చూపిస్తేనే వర్తిస్తుంది. పూర్తి విస్తరణ గవర్నర్ ఒక్క ఉత్తర్వుతో జరగదు. శాసనసభ ఒప్పుకోవాలని 2014లోనే చట్టం చేశారు, ఆ సభలు రెండూ ఇప్పుడు రిపబ్లికన్ల చేతిలో ఉన్నాయి. కాబట్టి ప్రశ్న "విస్తరిస్తారా" అని కాదు. "ఎదుటి పార్టీ ఓట్లు ఎలా తెస్తారు, కుదరకపోతే దేనికి రాజీపడతారు" అన్నది ప్రశ్న.

పిల్లల చదువు సంగతి తొందరగా చెప్పేస్తాను. కాలేజీ ఫీజుకు ఇచ్చే హోప్ స్కాలర్‌షిప్ 1993లో మొదలైంది, రాష్ట్ర లాటరీ డబ్బుతో నడుస్తుంది. స్కూల్లో 3.0 జీపీఏ ఉంటే హోప్, 3.7తో పాటు పరీక్ష మార్కు కూడా ఉంటే జెల్ మిల్లర్ స్కాలర్‌షిప్. 2011లో డబ్బు చాలక హోప్‌కు కోత పెట్టారు కూడా. అంటే అది రాతిమీద చెక్కింది కాదు. అభ్యర్థి ఈ నిధిని ఇంకో పనికి మళ్లిస్తానంటున్నాడా అన్నది చూస్తే చాలు.

వీసాల సంగతి తప్పకుండా రాయాలి, మన సభల్లో సగం సమయం దానికే పోతుంది. హెచ్‌-1బీ, గ్రీన్‌కార్డు పూర్తిగా కేంద్ర ప్రభుత్వానివి, గవర్నర్ ఏమీ చేయలేడు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఎవర్ని తీసుకోవాలనే విధానం మాత్రం రీజెంట్స్ పరిధిలోకి వస్తుంది. అడిగితే అది అడగండి.

నాలుగో గడి దగ్గర అందరూ తడబడతారు. ఇప్పటికి బరిలో ఉన్న ముఖ్యులు రిపబ్లికన్ వైపు బర్ట్ జోన్స్, అటార్నీ జనరల్ క్రిస్ కార్, సెక్రటరీ ఆఫ్ స్టేట్ బ్రాడ్ రాఫెన్స్‌పర్గర్. డెమోక్రాట్ల వైపు అట్లాంటా మాజీ మేయర్ కీషా లాన్స్ బాటమ్స్, డెకాబ్ కౌంటీ (మన జిల్లా లాంటిది) పాలన నడిపిన మాజీ సీఈఓ మైకేల్ థర్మండ్, మాజీ రాష్ట్ర సెనేటర్ జేసన్ ఎస్టివెస్, జెఫ్ డంకన్. శాసనసభలో పనిచేసినవాళ్ల ఓట్లు సభ వెబ్‌సైటులో బిల్లు నంబరు కొడితే వస్తాయి. అక్కడ తుది ఓటొక్కటే చూడకు, సవరణల మీద ఓట్లూ చూడు. తుది ఓటు పార్టీ చెప్పినట్టు పడుతుంది, మనిషి సొంత ఆలోచన సవరణల దగ్గరే కాస్త బయటపడుతుంది. నగరాన్నో కౌంటీనో నడిపినవాళ్లకు ఏటా వచ్చే ఆడిట్ నివేదికా, నీళ్ల పైపుల నుంచి పోలీసు జీతాల దాకా పెట్టిన ఖర్చూ సాక్ష్యం. అటార్నీ జనరల్‌కు తను వేసిన కేసులు, వేయకుండా వదిలేసినవి. సెక్రటరీ ఆఫ్ స్టేట్‌కు ఎన్నికలు నడిపిన తీరు. "ఫలానా ఆయన రాష్ట్రమంతా పనిచేశాడు, ఈమె ఒక్క ఊరే కదా" అని కొట్టిపారేయకు. ఊరు నడిపినవాళ్లు బడ్జెట్ కోసిన అనుభవం ఉన్నవాళ్లు, సభలో ఉన్నవాళ్లు ఓట్లు కూడగట్టిన అనుభవం ఉన్నవాళ్లు. కుర్చీకి రెండూ కావాలి. ఏది ఎక్కువ కావాలో నువ్వు ఎంచుకున్న నాలుగు అంశాలే చెప్తాయి.

డంకన్ 2019 నుంచి 2023 వరకు రిపబ్లికన్ లెఫ్టినెంట్ గవర్నర్, 2025లో డెమోక్రాట్ అయ్యాడు. పార్టీ మారినవాళ్లను మారినందుకే తోసిపుచ్చనూ వద్దు, మెచ్చుకోనూ వద్దు. పాత ఓటు, కొత్త మాట పక్కపక్కన తేదీలతో రాయి. మారడానికి చెప్పిన కారణం ఆ రెండు తేదీల మధ్య నిజంగా జరిగినదానికి అతుకుతుందా అని చూడు.

డబ్బు లెక్కలు రాష్ట్ర ఎథిక్స్ కమిషన్ దగ్గర ఎవరికైనా దొరుకుతాయి. అభ్యర్థి ఖాతా ఒకటి, ఆయన తరఫున విరాళాలు పోగుచేసే లీడర్‌షిప్ కమిటీ ఖాతా వేరొకటి. 2021 చట్టం ప్రకారం గవర్నర్, లెఫ్టినెంట్ గవర్నర్ వంటి కొందరు లీడర్‌షిప్ కమిటీకి పరిమితి లేకుండా విరాళాలు తీసుకోవచ్చు. మిగతావాళ్లకు ప్రైమరీ (పార్టీ తరఫున ఎవరు నిలబడాలో ఓటర్లు తేల్చే తొలి ఎన్నిక) గెలిచేదాకా ఆ వెసులుబాటు లేదు. దీని మీద కార్ 2025లో కోర్టుకెక్కాడు. రెండు ఖాతాలూ కలిపి చూడకపోతే లెక్క తప్పుతుంది. అభ్యర్థి తనకు తాను ఇచ్చుకున్న అప్పును విరాళంగా లెక్కేయకు. గెలిచాక వచ్చే విరాళాలతో అది తీర్చుకునే వీలుంటుంది, అప్పుడా ఇచ్చేవాళ్లెవరన్నదే అసలు ప్రశ్న.

మన సంఘాల విందులో అభ్యర్థి శాలువా కప్పుకుని "నమస్కారం" అంటే ఎవరికైనా మనసు కరుగుతుంది. ఆ ఫొటోకు కాగితంలో గడి లేదు. వాట్సాప్‌లో వచ్చినదానికీ లేదు, అభ్యర్థి సొంత వీడియోలోనో సభ రికార్డులోనో అదే మాట దొరికితే తప్ప.

ఇక ఓటు పద్ధతి. ప్రైమరీ 2026 మే 19న. జార్జియాలో పార్టీ సభ్యత్వం అక్కర్లేదు, ఆ రోజు ఏ పార్టీ బ్యాలెట్ కావాలో అడుగుతారు. మొహమాటపడి "ఏ పార్టీ వద్దు" అన్నావో, నాన్-పార్టిజన్ బ్యాలెట్ చేతిలో పెడతారు. అందులో జడ్జీలుంటారు, గవర్నర్ ఉండడు. కొత్తగా ఓటొచ్చినవాళ్లు ఎక్కువగా పోగొట్టుకునేది ఇక్కడే. ఒకే పార్టీ బ్యాలెట్ తీసుకోవాలి కాబట్టి నీ కాగితంలో ఏ పార్టీ వరుసలో ఇద్దరి మధ్య తేడా నీకు ఎక్కువ పట్టిందో ఆ బ్యాలెట్ తీసుకో.

సగానికి మించి ఓట్లు ఎవరికీ రాకపోతే మొదటి ఇద్దరికీ జూన్ 16న మళ్లీ పోటీ. 2018లో రిపబ్లికన్ ప్రైమరీ తొలి విడతలో అప్పటి లెఫ్టినెంట్ గవర్నర్ కేసీ కేగల్‌కు 39 శాతం వచ్చాయి, కెంప్‌కు 26 దరిదాపుల్లో. రెండో విడతలో కెంప్ దాదాపు 69 శాతంతో గెలిచాడు. అందుకే నీ రెండో ఎంపిక ఎవరో కూడా రాసుకో, రెండో విడతకు తప్పకుండా వెళ్లు. మేలో ఒక పార్టీ బ్యాలెట్ తీసుకుంటే జూన్‌లో ఇంకో పార్టీది ఇవ్వరు. అసలు పోటీ నవంబరు 3న.

మార్చి మొదటి వారంలో నామినేషన్లు పూర్తయ్యాక అభ్యర్థుల జాబితా సరిచూసుకుని కాగితం తిరగరాయి. ఓటరు నమోదుకు ఆఖరి రోజు ఏప్రిల్ 20. నీ డ్రైవింగ్ లైసెన్సు పౌరసత్వానికి ముందుది, దాని మీద లిమిటెడ్ టర్మ్ అని ఉంటుంది. జనవరిలోనే డ్రైవర్ సర్వీసెస్ ఆఫీసుకు పౌరసత్వ ధ్రువపత్రం తీసుకెళ్లి మార్పించుకో, లేకపోతే నమోదు అక్కడే చిక్కుకుంటుంది. ఆ తర్వాత రాష్ట్రం నడిపే మై వోటర్ పేజ్ వెబ్‌సైటులో నీ పేరు, చిరునామా, బూత్ కనపడుతున్నాయో లేదో చూడు. ముందస్తు ఓటింగ్ ఏప్రిల్ 27న మొదలవుతుంది, మొదటి వారం మధ్యాహ్నాలు జనం తక్కువ. అల్లుడి పాత లైసెన్సు కూడా అదే రకంది, ఇద్దరూ కలిసే వెళ్లి రండి.

మీ
మామయ్య